మణికట్టు నొప్పికి వర్టికల్ మౌస్ కొనే ముందు

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. రాజోలు దగ్గర పల్లెలో ఇంటి నుంచే హైదరాబాద్ కంపెనీకి అకౌంట్స్ చేస్తున్నారు. రోజుకి తొమ్మిది గంటలు టాలీ, ఎక్సెల్. మూడు నెలలుగా కుడి మణికట్టు లాగుతోంది. రాత్రి రెండింటికో మూడింటికో బొటనవేలు, చూపుడు వేలు, నడిమివేలు మొద్దుబారి మెలకువ వస్తోంది, చేయి విదిలిస్తే తగ్గుతోంది. వర్టికల్ వైర్‌లెస్ మౌస్, అంటే చేయి బోర్లా కాకుండా పక్కవాటంగా పెట్టి వాడే వైరు లేని మౌస్, కొంటే ఇది పోతుందా, ఇంట్లోవాళ్లు డబ్బు దండగ అంటున్నారు, ఏం చేయమంటారు అని అడిగారు.

మంచి మౌస్ కొనడం దండగ కాదు, కొనండి. కానీ అంతకన్నా ముందు డాక్టరుకి చూపించుకోండి. ఆ మూడు వేళ్లే మొద్దుబారడం, రాత్రిపూట మెలకువ రావడం, విదిలిస్తే తగ్గడం, ఈ మూడూ కలిసి వచ్చాయంటే మణికట్టులో నరం నలుగుతోందేమోనని గట్టిగా అనుమానించాలి.

నేను పాలకొల్లులో పాతికేళ్లుగా డీటీపీ పని చేస్తున్నాను. శుభలేఖలు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు. పదేళ్ల కిందట నాకూ సరిగ్గా ఇలాగే మొదలైంది. మాఘమాసం ముహూర్తాలొచ్చాయంటే మా షాపులో రాత్రి పన్నెండు దాకా పని. చేయి తిమ్మిరెక్కితే కొబ్బరినూనె రాసుకుని, క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని మళ్లీ కూర్చునేవాణ్ని. రెండేళ్లు అలాగే నెట్టుకొచ్చాను. మధ్యలో నాలుగు మౌస్‌లు మార్చాను. ఒకరోజు పొద్దున్నే చొక్కా గుండీ పెట్టుకోబోతే, రెండు వేళ్ల మధ్య గుండీ ఉందో లేదో తెలియలేదు. కళ్లతో చూసుకుంటూ పెట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడు రెండు చేతులూ వెలుతురులో పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. బొటనవేలి మొదట్లో ఉండే మెత్తటి కండ ఎడమ చేతికి ఉబ్బెత్తుగా ఉంది, కుడి చేతికి పల్లంలా అణిగిపోయింది. డాక్టరుగారు నరాల పరీక్ష చేయించి చిన్న ఆపరేషన్ చేశారు. తిమ్మిరి పోయింది గానీ ఆ కండ పూర్తిగా తిరిగి రాలేదు. ఇప్పటికీ పచ్చడి సీసా మూత తీయాలంటే ఎడమ చేయే వాడతాను. మీరు మూడు నెలలకే అడిగారు. నేను పోగొట్టుకున్నది మీరు పోగొట్టుకోకూడదనే ఇంత పొడుగు రాస్తున్నాను.

లోపల ఏం జరుగుతోందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. మణికట్టు లోపల అరచేతి వైపు ఒక ఇరుకు దారి ఉంటుంది, మన కాలువ గట్టు కింద తూములాగ. అడుగునా పక్కలా చిన్న చిన్న ఎముకలు, పైన తోలుపట్టీ లాంటి గట్టి కట్టు. దీన్నే కార్పల్ టన్నెల్ అంటారు. వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు, అంటే కండను ఎముకతో కలిపే తాళ్లు, ఈ తూములోంచే వెళ్తాయి. వాటితో పాటు మీడియన్ నరం కూడా వెళ్తుంది. తూము సాగదు. టెండన్ల చుట్టూ ఉన్న పొర ఉబ్బినా, మణికట్టు పైకో కిందికో వంచి ఉంచినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. అందులో ఉన్నవాటన్నిటిలోకీ మెత్తనిది నరమే, అదే నలుగుతుంది. బొటనవేలు, చూపుడు వేలు, నడిమివేలు, ఉంగరం వేలు సగం ఈ నరం కింద ఉంటాయి. నిద్రలో మనకు తెలియకుండానే మణికట్టు ముడుచుకుని పడుకుంటాం కాబట్టి తిమ్మిరి రాత్రిపూట ఎక్కువ.

చిటికెన వేలు ఇందులో లేదు, గమనించండి. తిమ్మిరి చిటికెన వేలికీ, దాని పక్కనున్న ఉంగరం వేలు సగానికీ వస్తే అది వేరే నరం. సాధారణంగా మోచేతి దగ్గర ఒత్తుకుపోతుంది, టేబుల్ అంచు మీద మోచేయి ఆనించి కూర్చునేవాళ్లకు వస్తుంటుంది. అసలు తిమ్మిరే లేకుండా బొటనవేలి వైపు మణికట్టు అంచున నొప్పి ఉంటే అది టెండన్ బాధ. పసిపిల్లల్ని ఎత్తుకునే తల్లుల్లో ఎక్కువగా చూస్తాం. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు, మౌస్ కూడా ఒకటి కాదు. అందుకే ఎవరైనా 'చేయి నొప్పి, ఏ మౌస్ కొనను' అని అడిగితే ముందు ఏ వేలు అని అడుగుతాను.

ఇంట్లోనే ఒకటి చేసి చూడండి. నమస్కారాన్ని తిరగేసినట్టు రెండు చేతుల వెనకవైపులూ ఒకదానికొకటి ఆనించి, వేళ్లు నేల వైపు వేలాడేలా ఒక నిమిషం ఉంచండి. ఆ నిమిషంలోపు ఆ వేళ్లకే తిమ్మిరి వస్తే అనుమానం బలపడినట్టే. రాకపోయినా లేదని కాదు. డాక్టరుగారు కూడా ఇదే చేయిస్తారు, అవసరమైతే నరంలో కరెంటు ఎంత వేగంగా వెళ్తోందో కొలిచే పరీక్ష రాస్తారు. ఎముకల డాక్టరుకైనా నరాల డాక్టరుకైనా చూపించుకోవచ్చు. అమలాపురం, భీమవరం, కాకినాడ, రాజమండ్రి, మీకు ఏది దగ్గరైతే అది. వెళ్లినప్పుడు షుగరు, థైరాయిడ్ సంగతి కూడా అడగండి. ఆ రెండిట్లో తేడా ఉన్నవాళ్లకు ఈ జబ్బు ఎక్కువ వస్తుంది, గర్భిణులకు కూడా. అసలు కారణం థైరాయిడ్ అయితే ఎన్ని మౌస్‌లు మార్చినా ఏం లాభం?

రాత్రిపూట మణికట్టును నిటారుగా ఉంచే పట్టీ వేసుకోమని చెబుతారు. మెడికల్ షాపులో దొరికే పట్టీ అరచేతి వైపు జేబులో ఒక రేకు ఉంటుంది. చాలా పట్టీల్లో ఆ రేకు వెనక్కి వంగి వస్తుంది, అలాగే కట్టుకుంటే రాత్రంతా మణికట్టు పైకి లేచి ఉంటుంది. మనకు కావలసింది అది కాదు. రేకు బయటికి లాగి, టేబుల్ మీద నొక్కి తిన్నగా చేసి మళ్లీ జేబులో పెట్టించండి. డాక్టరుగారికో ఫిజియోథెరపిస్టుకో చూపిస్తే వాళ్లే సరిచేస్తారు. నాకు ఈ ముక్క మొదటి నెలలో ఎవరూ చెప్పలేదు, అందుకే ఇంత విడమరిచి చెబుతున్నాను.

ఇక మౌస్. ముందుగా ఒక నిజం ఒప్పుకోవాలి. వర్టికల్ మౌస్ కార్పల్ టన్నెల్‌ను నయం చేస్తుందని చెప్పేవాళ్ల మాట నమ్మకండి. ఈ జబ్బు ఉన్నవాళ్ల మణికట్టులో ఒత్తిడిని నేరుగా కొలిచిన పరిశోధన ఒకటి 2015లో వచ్చింది. వర్టికల్ మౌస్ వల్ల మణికట్టు ఉండే తీరు మారింది గానీ తూములోపలి ఒత్తిడి తగ్గలేదని తేలింది. మరి ఎందుకు కొనమంటున్నానంటే, మణికట్టు లాగడం, ముంజేయి బిగుసుకుపోవడం, మోచేయి పీకడం వేరే బాధ. అది మీకు ఉంది, దానికి ఇది బాగా పనిచేస్తుంది.

ఎలాగో మీరే చూడండి. కుడి ముంజేతిని ఎడమ చేత్తో పట్టుకుని, అరచేయి ఆకాశం వైపు నుంచి నేల వైపు తిప్పండి. లోపల రెండు ఎముకలు ఒకదాని మీద ఒకటి మెలిక పడటం చేతికి తెలుస్తుంది. 1964లో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం చేసిన మొదటి మౌస్ చిన్న చెక్క పెట్టె. ఆ రోజు నుంచీ మౌస్ అంటే ఇలా చేయి బోర్లా పెట్టి వాడేదే. తొమ్మిది గంటలు ఆ మెలికలోనే ఉంచి, ఆపైన మణికట్టును చిటికెన వేలి వైపు విరిచి అటూ ఇటూ ఆడిస్తాం. వర్టికల్ మౌస్ మీద చేయి పక్కవాటంగా ఉంటుంది, ఎవరికైనా షేక్‌హ్యాండ్ ఇవ్వబోతున్నట్టు. మెలిక చాలావరకు విడిపోతుంది. మణికట్టును కాకుండా మోచేతి నుంచి కదపడం అలవాటవుతుంది. లాజిటెక్ వర్టికల్ మౌస్‌ల వాలు 57 డిగ్రీలు. ఇంకా నిటారుగా ఉండేవీ ఉన్నాయి, కానీ మరీ నిలువైతే బటన్ నొక్కినప్పుడల్లా మౌస్ పక్కకి జరుగుతుంది. జరగకుండా బొటనవేలితో అదిమి పట్టుకుంటాం, మళ్లీ అదొక నొప్పి.

ఏ కంపెనీ అన్నదానికన్నా సైజు ముఖ్యం. మా అమ్మ నరసాపురం లేసు అల్లేది. సన్నటి ఇనుప సూదితో గంటలకొద్దీ అల్లితే వేళ్లు కొంకర్లు పోతున్నాయని, సూది పట్టుకునేచోట పాత చీర పేలిక చుట్టి దారంతో బిగించుకుంది. ఆ లావుకు ఆమె వేళ్లు బిగించకుండానే సూది నిలిచేది. మా పిన్ని చేతులు పెద్దవి, అదే సూది ఆమెకు నప్పలేదు, ఇంకో రెండు చుట్లు వేసుకుంది. మౌస్ కూడా అంతే. చిన్న చేతికి పెద్ద మౌస్ ఇస్తే బటన్ అందక వేళ్లు చాచి ఉంచుతారు. పెద్ద చేతికి చిన్న మౌస్ ఇస్తే గోళ్లతో గిల్లినట్టు పట్టుకుంటారు. రెండూ టెండన్లకు చేటే. మణికట్టు గీత నుంచి నడిమివేలి కొస వరకు స్కేలుతో కొలవండి. చాలామంది ఆడవాళ్లకు 16 నుంచి 18 సెంటీమీటర్ల మధ్య ఉంటుంది. లాజిటెక్‌లో ఎమ్ఎక్స్ వర్టికల్ అనేది పెద్దది, బరువు 135 గ్రాములు. 2022లో వచ్చిన లిఫ్ట్ చిన్న, మధ్యరకం చేతుల కోసం చేసింది, ఎడమచేతి వాటంవాళ్లకు కూడా వేరేగా ఉంది. ఇవి ఖరీదే. అంత పెట్టలేకపోతే మామూలు కంపెనీల వర్టికల్ మౌస్‌లు చాలా తక్కువలో దొరుకుతాయి. మా షాపులో ఒక అబ్బాయి అలాంటిదే మూడేళ్లుగా వాడుతున్నాడు. చేయి దాని మీద వేసినప్పుడు వేళ్లు వాటంతట అవి వాలాలి, దేన్నీ బిగించి పట్టుకోనక్కర్లేకుండా ఉండాలి. మీకు కావలసింది అంతే. ఆన్‌లైన్‌లో కొంటే వెనక్కి తీసుకుంటారో లేదో చూసుకుని కొనండి.

బొటనవేలితో బంతి తిప్పే ట్రాక్‌బాల్ మౌస్ కూడా మీకు కనిపిస్తుంది. చేయి కదలనక్కర్లేదు, చోటు కూడా తక్కువ పడుతుంది. బొటనవేలి వైపు నొప్పి ఉన్నవాళ్లు మాత్రం దాని జోలికి పోకండి. పనంతా ఆ ఒక్క వేలి మీదే పడుతుంది.

వైర్‌లెస్ ఎందుకంటే, వైరు టేబుల్ అంచుకు పట్టుకున్నప్పుడల్లా మనకు తెలియకుండానే మౌస్‌ను ఇంకాస్త గట్టిగా బిగిస్తాం. పైగా ఒళ్లోకో పక్కకో ఎక్కడికైనా జరుపుకోవచ్చు, ఎడమచేతికి మార్చుకోవచ్చు. దీనితో వచ్చే ఇబ్బందులు రెండు. కర్సర్ ఉన్నట్టుండి ఆగుతూ ఎగురుతుంటే మౌస్ పాడైందని అనుకోకండి. యూఎస్‌బీ 3 పోర్టులు, ముఖ్యంగా వాటికి తగిలించిన హార్డ్ డిస్కులు, మౌస్ వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలకు అడ్డొస్తాయి. ఇంటెల్ కంపెనీయే 2012లో ఈ సంగతి రాసింది. రిసీవర్‌ను, అంటే మౌస్ కోసం కంప్యూటర్‌కి గుచ్చే చిన్న ముక్కను, మీటరు పొడవు ఎక్స్‌టెన్షన్ వైరుకు పెట్టి మౌస్ దగ్గరికి తెచ్చుకుంటే సరిపోతుంది. నాకు రెండు నెలల తలనొప్పి అలా ఒక్క పూటలో తీరింది. కర్సర్ సరిగా కదలకపోతే చేయి మరింత బిగుస్తుంది కాబట్టి ఇది నొప్పికి సంబంధించిన విషయమే. రెండోది బ్యాటరీ. మన కోనసీమ తేమకు, అంతర్వేది వైపు ఉప్పుగాలికి బ్యాటరీ స్ప్రింగులు తొందరగా చిలుము పడతాయి. ఊరెళ్లేటప్పుడు సెల్ తీసి పక్కన పెట్టండి. ఆల్కలైన్ సెల్ కారి తెల్లటి పొడి పేరుకుంటే దూదికి కాస్త వెనిగర్ అద్ది తుడిచి, బాగా ఆరాక కొత్తది వేయండి. చాలావరకు మళ్లీ పనిచేస్తుంది.

ఇంత చెప్పాక కూడా, నా లెక్కలో మౌస్ కన్నా టేబుల్ ఎత్తే పెద్ద దోషి. మీరు అయిదడుగులు ఉంటానని, డైనింగ్ టేబుల్ మీద ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పని చేస్తానని రాశారు. డైనింగ్ టేబుళ్లు సుమారు 75 సెంటీమీటర్లు ఉంటాయి. మీ ఎత్తుకి కుర్చీలో కూర్చుంటే మోచేయి అంతకన్నా మూడు నాలుగు అంగుళాలు కిందే ఉంటుంది. అంటే రోజంతా భుజం పైకెత్తి, ముంజేతిని టేబుల్ అంచుకు వేలాడేసి, మణికట్టును పైకి విరిచి పని చేస్తున్నారు. ఆ అంచు కోసుకున్న గీత సాయంత్రానికి ముంజేతి మీద కనిపిస్తూనే ఉంటుంది, ఈరోజే చూసుకోండి. గట్టి దిండో, మడిచిన బొంతో వేసుకుని మోచేయి టేబుల్ మట్టానికి వచ్చేదాకా కుర్చీ ఎత్తు పెంచండి. అప్పుడు కాళ్లు నేలకు అందవు, కింద ఒక పీట వేసుకోండి. దీనికి ఖర్చు లేదు. నా దగ్గరికి నొప్పి అని వచ్చిన పదిమందిలో సగం మందికి ఈ దిండు, ఈ పీటతోనే తేడా తెలిసింది.

తర్వాత మౌస్ ఎక్కడుందో చూడండి. మీ కీబోర్డుకి కుడివైపు అంకెల పలక ఉంది కదా, దానివల్ల మౌస్ ఒక జానెడు దూరం పోతుంది, భుజం బయటికి చాచి ఉంచాల్సి వస్తుంది. మీది లెక్కల పని, అంకెలు లేకుండా కుదరదు. అయితే అంకెల పలకను విడిగా అమ్ముతారు, ఎడమవైపు పెట్టుకోవచ్చు. లేదా మౌస్‌నే ఎడమచేతికి మార్చండి. మొదటి వారం చిరాకేస్తుంది, నెలకి అలవాటవుతుంది. కుడికి మాత్రమే పనికొచ్చే వర్టికల్ మౌస్ కొన్నా, పాత మామూలు మౌస్‌ను పారేయకుండా ఎడమవైపు ఉంచుకుని పూటకో చేయి మార్చండి. నేను ఆపరేషన్ తర్వాత నుంచి అలాగే చేస్తున్నాను.

మణికట్టు కింద పెట్టుకునే జెల్ దిండ్ల గురించి ఒక మాట. మెత్తగా ఉందని మణికట్టు గీతను దాని మీద ఆనించి మౌస్ తిప్పితే సరిగ్గా ఆ తూము మీదే బరువు పడుతుంది. ఆనించాలనుకుంటే అరచేతి మొదలు ఆనించండి, అదీ ఆగినప్పుడే. కదిపేటప్పుడు చేయి తేలిగ్గా ఉండాలి.

మీ పనిలో ఇంకో గొప్ప వెసులుబాటు ఉంది, మా డీటీపీ వాళ్లకు లేనిది. టాలీ అంతా కీబోర్డు మీదే నడుస్తుంది. ఎఫ్5 పేమెంట్, ఎఫ్6 రిసీట్, ఎఫ్7 జర్నల్, ఎఫ్8 సేల్స్, ఎఫ్9 పర్చేజ్. ఎక్సెల్‌లో కంట్రోల్‌తో బాణం మీటలు నొక్కితే వెయ్యి వరసల కిందికి ఒక్క దెబ్బలో వెళ్తారు, షిఫ్ట్ కూడా కలిపితే అంతా సెలెక్ట్ అవుతుంది. స్క్రోల్ చక్రం తిప్పడం చూపుడు వేలికి ఎంత పనో ఎవరూ గమనించరు. ఈ మీటలు ఒక చీటీ మీద రాసి స్క్రీన్ అంచుకు అంటించుకోండి. ఏ మౌసైనా, అసలు పట్టుకోకపోతే వచ్చే విశ్రాంతిని ఇవ్వలేదు.

కొత్త మౌస్ వచ్చాక మొదటి నాలుగైదు రోజులు కర్సర్ అనుకున్నచోట ఆగదు, పని నెమ్మదిస్తుంది. నెలాఖరు క్లోజింగ్ టెన్షన్‌లో మొదలుపెట్టకండి. నెల మధ్యలో, రోజుకో రెండు గంటలతో మొదలుపెట్టండి. పాయింటర్ వేగం కాస్త పెంచుకోండి, చేయి తక్కువ కదులుతుంది. కానీ మరీ పెంచితే చిన్న గడి మీద నిలపడానికి వేళ్లు బిగపట్టాల్సి వస్తుంది. రెండు వారాల తర్వాత కూడా కొత్తచోట నొప్పి వస్తుంటే ఆ మౌస్ మీ చేతిది కాదు, వెనక్కి పంపేయండి.

డాక్టరుకి చూపించుకున్నాక, వీలుంటే ఒకసారి మా షాపుకి రండి. చించినాడ వంతెన దాటితే పాలకొల్లే కదా. నా దగ్గర మూడు సైజుల వర్టికల్ మౌస్‌లు, ఒక ట్రాక్‌బాల్ ఉన్నాయి. ఒక్కోదాని మీద పావుగంట మీ ఎక్సెల్ ఫైలే తెరిచి పనిచేసి చూడండి, తర్వాతే డబ్బు పెట్టండి. వచ్చేటప్పుడు కూర్చున్నప్పుడు మీ మోచేయి నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో టేపుతో కొలిచి రాసుకురండి. కుర్చీ మీద దిండు ఎంత మందం కావాలో ఇక్కడే లెక్క వేసేద్దాం.